రాజుగారి కాల్లో తీసివేత

వినండి తల్లులారా, చదువులతల్లి కాచిన ముచ్చట! ధీరకేతుడనే రాజుకి 'తీసివేత' అపశకునమని తోచి, రాజ్యంలో ఇక కూడికలే ఉండాలని చాటించాడు. సూరావధాని అనే పంతులు తన బడిలో ఇంకా తీసివేతలు నేర్పుతున్నాడని తెలిసి, చెరలో వేయించడానికి తానే వచ్చాడు. సరస్వతీదేవి పటానికి దండం పెడదామని గుమ్మంలో చెప్పులు విడిచాడో లేదో, కాల్లో తుమ్మముల్లు దిగింది!

"అమ్మో! తియ్యవయ్యా పంతులూ!"

అవధానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "తీసివేత నేరం కదా ప్రభూ! సెలవిస్తే ఇంకో ముల్లు కలుపుతాను."

రాజు ఒంటికాలిమీద గెంతాడు. అవధాని పిల్లలవైపు తిరిగి, "ఒకటిలోంచి ఒకటి తీసేస్తే ఎంతర్రా?" అన్నాడు.

"సున్నా!"

"ఆ సున్నాయే నాక్కావాలి!" అరిచాడు రాజు. "శాసనం తీసేశాను, ముందా ముల్లు తియ్యి!"