పలకల మీద బొంత

తారకానికి ఆ సాయంత్రం తలెత్తుకోవడానికి లేకుండా పోయింది.

ఉత్తరకాశికి పైన కొండవాలులో తెలుగు సాధువుల చిన్న ఆశ్రమం అది. ఏటా మంచు మొదలయ్యే వేళకి అక్కడి ముసలివాళ్లంతా మూటలు కట్టుకుని కిందికి దిగిపోతారు. ఈ ఏడు ఎవరూ దిగనక్కర్లేదు, ధ్యానమందిరం నేను వెచ్చగా ఉంచుతాను అని అందరి ముందూ మాటిచ్చాడు తారకం. సన్యసించక ముందు అతను ఇంజనీరు. ఉద్యోగం వదిలాడు గాని గర్వం వదల్లేదు. కప్పు మీద సోలార్ పలకలు, వాటికో బ్యాటరీ పెట్టించాడు. గోడకి హీట్ పంప్ బిగించాడు. బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి లోపలికి తోసే యంత్రమది. కరెంటు చాలా తక్కువ తింటుందని కనపడ్డవాడికల్లా ఆపి మరీ చెప్పాడు.

తీరా చూస్తే, చీకటి పడ్డాక యంత్రం వేయగానే రాతిగోడలు వచ్చిన వేడినంతా మింగేసేవి. మందిరం కాస్త వెచ్చబడుతోంది అనుకునేలోగా బ్యాటరీ చేతులెత్తేసేది.

"రేపొక్కరోజు చూసి ఎల్లుండి దిగిపోతా నాయనా," అన్నాడు అందరికన్నా పెద్దవాడైన పేరయ్యస్వామి, మూట బిగిస్తూ. "నీ యంత్రం మంచిదే. నా మోకాళ్లే దాని మాట వినడం లేదు."

తారకం తన గురువుగారైన నిర్గుణస్వామి దగ్గరికి పరిగెత్తాడు.

"స్వామీ, ఇంకా బ్యాటరీలు కావాలి. దాతలకి తమరొక్క మాట చెబితే..."

"పగలు నడుస్తోందా అది?"

"లేదు స్వామీ. పగలంతా మనవాళ్లు తోటలోనే ఉంటారు కదా. మనిషి లేని గదిలో దీపమైనా వెలగకూడదని తమరే నియమం పెట్టారు. ఒక్కపూట కూడా తప్పలేదు నేను."

"మంచిది," అని గురువుగారు లేచి వెళ్లిపోయారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తారకం తోటలోంచి చూసేసరికి, గురువుగారు నిచ్చెనెక్కి తన లావుపాటి బొంతని సోలార్ పలకల మీద తీరిగ్గా పరుస్తున్నారు. అతను తోటపని వదిలి పరిగెత్తాడు. పడుతూ లేస్తూ పైకెక్కాడు.

"స్వామీ, ఎండ తగలకపోతే అవి పనిచేయవు."

"ఇప్పుడేం పని చేస్తున్నాయి?"

"ఇప్పుడంటే... బ్యాటరీ ఎప్పుడో నిండిపోయింది. ఊరికే ఉన్నాయి."

"ఊరికే ఉన్నాయనే ఆరేసుకుంటున్నా. ఇప్పుడు ఎండ తాగితే రాత్రికి వెచ్చగా ఉంటుంది బొంత."

తారకం బొంత వైపు చూశాడు. కింద మందిరం రాతిగోడల వైపు చూశాడు. తర్వాత గురువుగారి బొంత లాగి, చుట్టి, చంకన పెట్టుకుని నిచ్చెన దిగాడు. తిన్నగా ఖాళీ మందిరంలోకి వెళ్లి యంత్రం వేశాడు.

"ఎవరికయ్యా ఈ వేడి, గోడలకా?" అని నవ్వారు తోటివాళ్లు.

"గోడలకే," అన్నాడు తారకం.

పొద్దు వాలేదాకా యంత్రం ఆపలేదు. రాత్రి వణకడానికి సిద్ధపడి వచ్చిన ముసలివాళ్లు పగటి వేడి తాగిన గోడలకి ఆనుకుని కూర్చున్నారు. కాసేపటికి ఒక్కొక్కరూ శాలువాలు తీసేశారు. పేరయ్యస్వామి కట్టుకున్న మూట తలకింద పెట్టుకుని గుర్రు పెట్టాడు. అది చూసి తారకానికి కళ్లనీళ్లు తిరిగాయి.

వెళ్లి గురువుగారి పాదాల మీద పడ్డాడు. "నా కళ్లు తెరిపించారు స్వామీ."

"అది సరే," అన్నారు గురువుగారు. "రేపట్నుంచి నా బొంత ఎక్కడ ఆరేసుకోను?"