చుక్కి అడగని ప్రశ్న

నల్లమద్ది అడవిలో దుప్పులు, ముంగిసలు, ముళ్ళపందులు, కుందేళ్ళు ఉండేవి. వాటి పిల్లలకు ఒక బడి ఉండేది. కొండముచ్చు పంతులమ్మ చదువు చెప్పేది.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కొత్త సంగతి కనిపెట్టాలనుకుంటే వెంటనే మొదలుపెట్టకూడదు. ముందు బడి ఎదుట ఉన్న బండ ఎక్కాలి. ఏం తెలుసుకోవాలో, ఎలా తెలుసుకుంటారో చెప్పాలి. ఇద్దరు తోటి పిల్లలు ప్రశ్నలు అడగాలి. ఆ ఇద్దరూ సరేనన్నాకే పని మొదలు.

"పంతులమ్మా, మీరే చూసి చెప్పేయొచ్చు కదా?" అని పిల్లలు గొణిగేవారు.

"నాకు కనపడనిది మీలో ఒకరికి కనపడుతుంది," అనేది పంతులమ్మ.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. దూరాన కొండ ఊటలో సన్నటి ధార మిగిలింది. దగ్గరలో ఉన్నది ఒక్క మడుగు. దాని చుట్టూ లోతైన బురద. బురద పైన ఎండకు పెచ్చు కట్టింది. అది మోస్తుందో, మింగేస్తుందో ఎవరికీ తెలియదు.

మొదట ముళ్ళపంది పిల్ల పుల్లి బండ ఎక్కింది.

"బురదలో ఎవరైనా దిగబడితే లాగడానికి తీగ కావాలి. ఎర్రతీగ గట్టిదో, తెల్లతీగ గట్టిదో చూస్తాను. రెండింటికీ రాళ్ళు కట్టి వేలాడదీస్తాను."

ముంగిస పిల్ల రివ్వడు పకపకా నవ్వాడు. "ఎండు తీగలకా? బురద తడిగా ఉంటుందమ్మా, ముళ్ళమ్మా! తడిస్తే నీ తీగ ఏమవుతుంది?"

అందరూ నవ్వారు. పుల్లి ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. కాసేపటికి వాటంతట అవే సర్దుకున్నాయి.

"నిజమే. అది నాకు తట్టలేదు. తడిపి కూడా చూస్తాను," అంది.

తర్వాత రివ్వడి వంతు. వాడిని ప్రశ్నలు అడగాల్సినవారు చుక్కి, పుల్లి. బండ ఎక్కేముందు వాడు దుప్పి పిల్ల చుక్కి చెవి దగ్గరికి వెళ్ళాడు.

"నాది బాగుందని చెప్పు. నీ వంతు వచ్చినప్పుడు నీదీ బాగుందంటాను. ఎవరికీ తలనొప్పి ఉండదు."

చుక్కి తలూపింది. స్నేహితుడి మాట కాదనడం దానికి చేతకాదు.

రివ్వడు బండ మీద నిలబడి తోక ఎగరేశాడు. "పొద్దున్నే పెచ్చు మీద మడుగు దాకా పరుగెత్తి వస్తాను. నేను దిగబడకపోతే ఇక అందరూ వెళ్ళొచ్చు. అంతే!"

"చాలా బాగుంది," అంది చుక్కి. అది అప్పుడు ఈగలు తోలుకుంటోంది. సగమే విన్నది.

పుల్లి మాత్రం అడిగింది. "నీ బరువెంత? చుక్కి బరువెంత? నిన్ను మోసినంత మాత్రాన దాన్ని మోస్తుందా?"

"తీగ గురించి అడిగానని కక్షా?"

"కక్ష కాదు. జవాబు చెప్పు."

రివ్వడు తోక దించాడు.

"అది తేలేదాకా మొదలుపెట్టకు నాయనా," అంది పంతులమ్మ.

రివ్వడు మూతి ముడుచుకుని దిగాడు.  పుల్లి కొన్నాళ్ళు కొండ ఊట దగ్గరే ఉండిపోయింది. తీగలు తడిపింది. రాళ్ళు కట్టింది. తెగినవి పారేసి మళ్ళీ కట్టింది.

ఒక పొద్దున రివ్వడు పెచ్చు మీద రివ్వున పరుగెత్తాడు. నీళ్ళు తాగాడు. తిరిగి వచ్చాడు.

"రండి! చల్లటి నీళ్ళు!" అని కేకేశాడు.

పిల్లలు మూగారు. "పుల్లి ఒప్పుకుందా?" అని ఒక కుందేలు అడిగింది.

"చుక్కి ఒప్పుకుందిగా, చాలదూ? ఏమే చుక్కీ, బాగుందన్నావు కదా! నువ్వే ముందు రా."

ఇప్పుడు కాదంటే ఎలా? చుక్కి కాలు పెట్టింది. నాలుగడుగులు వేసింది. పెచ్చు పెటేలుమంది.

ముందు కాళ్ళు దిగాయి. తర్వాత వెనక కాళ్ళు. గింజుకున్నకొద్దీ ఇంకా దిగింది.

"అమ్మా!"

తల్లి దుప్పి పొదలు చీల్చుకుంటూ వచ్చింది. బురదలోకి దూకబోయింది. పంతులమ్మ అడ్డం పడింది.

"నువ్వు దానికంటే బరువు. నువ్వు దిగితే ఇద్దరూ పోతారు."

తల్లి ఆగింది. ఆగడం ఎంత కష్టమో ఆ తల్లికే తెలుసు. గట్టు మీద నిలబడి పిల్లనే చూసింది. "కదలకు అమ్మా. నన్నే చూడు," అంది.

కుందేళ్ళు పక్కనే ఉన్న తెల్లతీగ లాక్కొచ్చాయి.

"అది వద్దు!" ఊట నుంచి తిరిగొస్తున్న పుల్లి కేకలు విని రొప్పుతూ వచ్చింది. తన వెనక పొడుగాటి ఎర్రతీగ ఈడ్చుకొస్తోంది. "తెల్లది ఎండినప్పుడే గట్టి. తడిస్తే తెగుతుంది. ఇది తడిసినా తెగదు."

"సరే, చుక్కి దాకా ఎవరు తీసుకెళ్తారు?" అంది పంతులమ్మ.

అందరూ రివ్వడి వైపు చూశారు.

"పెచ్చు ఇంకా ఎవరినైనా మోస్తే నిన్నే మోస్తుంది," అంది పుల్లి. "నువ్వు తేలిక."

పెచ్చు అంతా బీటలు. రివ్వడు ముందుకు వచ్చాడు. తీగ కొస నోట కరచుకున్నాడు. పొట్ట నేలకు ఆనించి పాకాడు. పక్కనే ఒక ముక్క విరిగి మునిగింది. ఆగలేదు. బురదలో దూరి చుక్కి ఛాతీ కింద నుంచి తీగ చుట్టి, కొస గట్టుకు తెచ్చాడు. అప్పటికి బురద చుక్కి మెడ దాకా వచ్చింది.

పంతులమ్మ రెండు కొసలకూ ముడి వేసి లాగింది. కుందేళ్ళు లాగాయి. తల్లి దుప్పి తీగను పళ్ళతో పట్టుకుని వెనక్కి నడిచింది. తీగ బురదలో నాని నల్లబడింది. తెగలేదు.

చుక్కి బయటపడింది. కానీ ఒక ముందు కాలు మెలిపడింది. అది మళ్ళీ పూర్తిగా బాగుపడలేదు.

రివ్వడు తల్లి దుప్పి దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా, నన్ను తిట్టు."

ఆమె తిట్టలేదు. పిల్ల ఒంటి మీది బురద నాకుతూనే ఉంది. తిట్టినా బాగుండేదని వాడికి అనిపించింది.

పుల్లి దగ్గరికి వెళ్ళాడు. "తడిస్తే తెగుతుందని నీకెలా తెలుసు?"

"నువ్వే కదా అడిగావు," అంది పుల్లి.

తర్వాత పుల్లి మళ్ళీ బండ ఎక్కింది. అందరి సాయంతో దుప్పి కంటే బరువైన రాళ్ళు దొర్లించి, గట్టి నేల ఎక్కడుందో చూస్తానంది. అడిగిన వాటన్నిటికీ జవాబు చెప్పాకే మొదలుపెట్టింది. మడుగుకు దారి దొరికింది. ఆ వేసవి అంతా అడవి ఆ దారినే నీళ్ళు తాగింది. దానికి పుల్లి బాట అని పేరు పడింది.

రివ్వడు ఏం చెప్పినా చాలాకాలం ఎవరూ నమ్మలేదు. వానలు పడ్డాక ఒకరోజు వాడు భయపడుతూ బండ ఎక్కాడు. తను చేయబోయేది చెప్పి, చుక్కి వైపు చూశాడు.

చుక్కి కుంటుకుంటూ ముందుకు వచ్చింది. ఈసారి ఈగలు తోలుకోలేదు.

"మళ్ళీ చెప్పు," అంది. "మొదటి నుంచి."

నీతి: చూడకుండా బాగుందని చెప్పే మాట ప్రాణం మీదికి తెస్తుంది. మనసు నొచ్చినా సరే, తోటివారు అడిగిన ప్రశ్నకు జవాబు వెతికినవారే తామూ నిలబడి, పదిమందినీ కాపాడతారు.