నడిచి వెళ్లిన నక్క

కాలవ గట్టును ఆనుకుని నారయ్య మొక్కజొన్న చేను. చేను అంచున పశువుల పాక. ఆ పాకలో ఒక ముసలి ఎద్దు, ఈమధ్యే పిల్లల్ని లేపిన కోడిపెట్ట ఉండేవి. వాటికి కాపలా కర్రోడనే నల్లకుక్క. కర్రోడి మనసు వెన్నే గానీ, ఒకసారి బుర్రలో ఏదైనా దూరిందంటే ఇక బయటికి రాదు.

రోజూ తెల్లవారుతుండగా పావని అనే అమ్మాయి ఊళ్లోంచి గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చేది. పోలీసు ఉద్యోగానికి పరుగు పందెం నెగ్గాలి, దానికోసం ఆ తంటాలు. పాక దగ్గరికి రాగానే కర్రోడు గట్టెక్కి మొరిగేవాడు. ఆ పిల్ల వెంటనే ఆగిపోయి, పాక దాటేదాకా మెల్లగా నడిచి, తర్వాత మళ్లీ పరుగందుకునేది.

"ఎందుకురా ఆ పిల్లని రోజూ హడలగొడతావు?" అంది ఎద్దు నెమరు ఆపి.

"పరుగెత్తుతోంది కదా మావా. పరుగెత్తేది దొంగలే. ఇన్నాళ్ల కాపలాలో నడిచిపోయిన దొంగను ఒక్కణ్ణీ చూడలేదు."

"నువ్వు తరిమావు గనక పరుగెత్తారురా."

"ఏదైతేనేం? నడవగానే వదిలేస్తున్నానుగా. నాకేమన్నా కక్షా?"

వీడికి చెప్పడం నావల్ల కాదనుకుని ఎద్దు మళ్లీ నెమరులో పడింది. మొక్కజొన్నల్లో నక్కి ఉన్న నక్క మాత్రం ఒక్క ముక్కా పొల్లుపోకుండా వింది.

మర్నాడు పొద్దున్నే నక్క గట్టు మీద అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది.

"ఎవరది?" అన్నాడు కర్రోడు.

"నేనే బావా. మోకాళ్ల నొప్పులు. నాలుగడుగులు నడిస్తే తగ్గుతాయంటే బయల్దేరాను."

పాకవైపు తలైనా తిప్పకుండా వెళ్లిపోయింది. కోడిపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"అన్నా, అది నక్కే."

"నక్కేనమ్మా. కానీ ఎంత నిదానంగా పోతోందో చూశావా? పెద్దమనిషి."

ఆ రోజు మొదలు నక్క రోజూ వచ్చింది. బావా అని పలకరించడం, నొప్పుల సంగతి చెప్పడం, పోవడం. కొన్నాళ్లకు కర్రోడు తల ఎత్తడం కూడా మానేశాడు. పెట్ట కూడా పిల్లల్ని వెంటేసుకుని గట్టుదాకా వెళ్లి పురుగులు ఏరుకోసాగింది. అన్న కాపలా ఉన్నాడని దాని ధైర్యం.

ఒక పొద్దున పావని పరుగెత్తుకొస్తూ దూరం నుంచే చూసింది. నక్క నోట్లో కోడిపెట్ట రెక్కలు కొట్టుకుంటోంది. నక్క మాత్రం గట్టు మీద తాపీగా నడుస్తోంది. పావని ఓ మట్టిబెడ్డ అందుకుని, అరుస్తూ దాని మీదికి ఉరికింది. పాక దగ్గర ఆగాలన్న సంగతి ఆ రోజు ఆమెకు గుర్తు రాలేదు.

అరుపుకు కర్రోడు లేచాడు. ఒకరు నడుస్తున్నారు, ఒకరు పరుగెత్తుతున్నారు. అంతకుమించి చూడలేదు. ఒక్క దూకు దూకి పావని పిక్క పట్టుకున్నాడు. ఆమె కూలబడిపోయింది. నక్క వెనక్కి చూడకుండా, అదే నడకతో మొక్కజొన్నల్లోకి వెళ్లిపోయింది.

"వదలరా, వదులు. పెట్టని నక్క తీసుకుపోయింది," అంటూ ఎద్దు పలుపు తెంపుకోబోయింది.

కర్రోడు వదిలాడు. గట్టు మీద నాలుగు ఈకలు. వాటి చుట్టూ తిరుగుతూ కోడిపిల్లలు.

ఆ తర్వాత పావని రాలేదు. కాలు వాచి పందానికి పోలేకపోయిందని నారయ్య ఎవరితోనో అంటుంటే ఎద్దు విని కర్రోడికి చెప్పింది.

"ఆ పిల్ల మనకోసమే పరుగెత్తింది మావా," అన్నాడు కర్రోడు.

"ఔను. ఆ రోజు ఇంకో రెండు మాటలు గట్టిగా చెప్పాల్సింది నేను," అంది ఎద్దు.

ఇప్పుడు రాత్రిళ్లు కోడిపిల్లలు కర్రోడి పొట్ట కిందే పడుకుంటాయి. ఇంకెవరి దగ్గర పడుకుంటాయి పాపం. తెల్లవారుతుండగా వాడు మెల్లగా లేచి, గట్టెక్కి, ఊరివైపు చెవులు నిక్కించి కూర్చుంటాడు. అడుగుల చప్పుడు వినబడితే మొరగకుండా పోనివ్వాలని వాడి ఆశ. ఆ చప్పుడు వినబడదు.

కాపలా కాసేవాడు చూడాల్సింది ఎవరి కాళ్లు పరుగెత్తుతున్నాయని కాదు, ఎవరి నోట్లో ఏముందని.