పొట్లపాదుకు నగారా

తుమ్మెదలకోట అనే ఒకానొక చిన్న రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. మనసు మంచిదే, గొంతు మాత్రం పెద్దది. తాను ఒకసారి అంటే అది శాసనమని, రెండోసారి అంటే శాస్త్రమని ఆయన నమ్మకం.

ఆ శాస్త్రాలన్నిటిలోకీ పెద్దది పొట్లకాయ శాస్త్రం. కోట వెనక పెరట్లో పన్నెండేళ్లుగా ఆయన ఏటా ఒక పొట్లపాదు వేసేవాడు. తోటమాలిని దాని దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. తెల్లవారగానే పంచె ఎగగట్టి తనే నీళ్లు పోసేవాడు, తీగను తనే పందిరికి పాకించేవాడు, పిందె కాస్త సాగగానే దాని కొసకు దారంతో చిన్న రాయి కట్టేవాడు. ఆ బరువుకు పొట్లకాయ వంకర పోకుండా తిన్నగా దిగుతుంది. పెరడున్న ఇళ్లల్లో అందరూ చేసేదే ఇది. ఉద్దండవర్మ మాత్రం అందులోంచి రాజనీతి తీశాడు.

"ప్రజలూ పొట్లకాయలే," అని ఒకనాడు కొలువులో సెలవిచ్చాడు. "రాయి కడితేనే తిన్నగా పెరుగుతారు. ఎవడూ తనంత తాను పని చెయ్యడు. వెనక ఒకడు అరవాలి, ముందు ఒకడు బహుమానం చూపించాలి."

మంత్రులందరూ తలలూపారు. ఆ ఒక్క పనికి వాళ్లకు ఎవరూ రాయి కట్టనక్కర్లేదు.

దాంతో కొత్త ఉద్యోగం ఒకటి పుట్టింది. దాని పేరు ఉత్సాహాధికారి. గంభీరయ్య అనే ఆరడుగుల మనిషికి ఒక నగారా, ఒక ఎర్ర తలపాగా ఇచ్చి పనివాళ్ల మీదికి తోలారు. ఎవరు పని చేస్తుంటే వాళ్ల వెనక నిలబడి నగారా మోగించి, "కానీ! ఇంకా కానీ! ప్రభువు చూస్తున్నారు!" అని అరవడం అతని పని. పని ముగిసినప్పుడల్లా ఒక శాలువా కప్పాలి. ఆలస్యమైతే కొరడా చూపించాలి.

ఆ ఏడు వసంతోత్సవానికి పొరుగు రాజు వస్తున్నాడు. ఆయన ముందు రామాయణం ఆడించడానికి నూరు తోలుబొమ్మలు కావాలన్నాడు ఉద్దండవర్మ. రాజ్యంలో తోలుబొమ్మలంటే నారప్పే. మేకతోలును దీపం వెనక పెడితే వెలుగు కారేటంత పల్చగా గీకి, సన్నటి ఉలులతో నగలూ చీరల అంచులూ తొలిచి, రంగులద్దేవాడు. నెలకు రెండో మూడో బొమ్మలు చేసేవాడు. చేసినంతసేపూ వాటితో మాట్లాడుతూనే ఉండేవాడు. బొమ్మకు అన్నీ అయ్యాక, చిట్టచివర కన్ను తొలవడం వాళ్ల ఇంటి ఆచారం. కన్ను తెరిస్తేనే బొమ్మకు ప్రాణం వచ్చినట్టు.

నారప్ప పాకలో గంభీరయ్య నగారా నెలన్నర మోగింది. బొమ్మలు ముప్పై రెండు తయారయ్యాయి, శాలువాలూ ముప్పై రెండు వచ్చాయి. బొమ్మల్ని కొలువుకు తెచ్చి వరసగా నిలబెట్టారు. రాజు దగ్గరికి వెళ్లి చూశాడు. రాముడికి కన్ను లేదు. సీతకు లేదు. రావణుడికి పది తలలున్నాయి గాని ఒక్క కన్నూ లేదు.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

నారప్ప చేతులు కట్టుకున్నాడు. "చెయ్యి తన పని చేసింది ప్రభూ. కన్ను తెరవాలంటే మాత్రం ఆ మొహం చూడాలని నాకు ఉండాలి. వీటిలో ఒక్క మొహమూ చూడాలనిపించలేదు."

రాజు మొహం కందగడ్డ అయింది. "శాలువాలు తీసుకుని ధిక్కారమా! ఇతని ఉలులు లాక్కోండి. మనిషిని పొలిమేర దాటించండి!"

ఉలులన్న మాట వినగానే నారప్ప రంగు వెలిసిపోయాడు. పొలిమేర దాటితే ఇంకో ఊళ్లో బతకవచ్చు. అతని తాత చేతి నుంచి వచ్చిన ఆ ఉలులు లేకపోతే బతికినా లేనట్టే.

అప్పుడు లేచింది కోనమ్మ. కొలువులో విన్నపాలు చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. రాజమాతకు ప్రాణస్నేహితురాలు, రాజును చంకనెత్తుకుని తిప్పిన మనిషి. కొలువులో ఆయన్ని "ప్రభూ" అనేది, లోపల "నాయనా" అనేది. ఎక్కడైనా చెప్పదలచుకున్నది చెప్పేసేది.

"ప్రభూ, శిక్ష న్యాయమే," అంది. "కాని ఊళ్లో ఒక కూత కూస్తున్నారు. నగారా వల్ల ఉత్సాహం పెరగదట. నారప్పను పంపించేస్తే ఆ కూత నిజమనుకుంటారు. ముందు జనం నోరు మూయించాలి."

"ఎలా?"

"రాజ్యంలో అందరికంటే శ్రద్ధగా పని చేసేది ఎవరు? తమరే. ఆ పొట్లపాదే సాక్ష్యం. నగారా లేకుండానే అంత శ్రద్ధ ఉంటే, నగారా తోడైతే ఎంత ఉండాలి? పదిరోజులు గంభీరయ్యను పాదు దగ్గర పెట్టండి. లోకం చూస్తుంది."

పొగడ్త రాజుకు చెవిలోంచి సూటిగా గుండెలోకి దిగింది. "పెట్టండి! పదో రోజుకు నా ఉత్సాహం రెట్టింపు కాకపోతే నారప్ప జోలికే పోను."

"రెట్టింపు అయితే?"

"అతని ఉలులు నా ఖజానాకి, అతను పొలిమేరకి. నీ పీట కూడా కొలువులోంచి లేస్తుంది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను," అంది కోనమ్మ. నారప్ప ఆమె వైపు చూసిన చూపులో దండం ఎంతో, భయం అంతే ఉంది.

మొదటి రోజు పాదు దగ్గర తిరునాళ్లే. రాజు చెంబు వంచగానే నగారా మోగింది. "రాజాధిరాజు మొదటి చెంబు పోశారహో!" అని గంభీరయ్య కేక పెట్టాడు. పందిరి మీది పిచ్చుకలు లేచిపోయాయి. పని అవగానే శాలువా కప్పారు. రాజు మీసం దువ్వుకుంటూ ఫలహారానికి వెళ్లాడు.

రెండో రోజు నలుగురు మంత్రులు కూడా వచ్చి నిలబడ్డారు. "ఆహా, ఏం వంచారు ప్రభూ చెంబు!" అన్నాడొకడు. ఆ రోజంతా రాజు చెంబు వంచుతూ మంత్రుల వంక చూశాడే గాని మొక్క వంక చూడలేదు.

మూడో రోజు గంభీరయ్య, "నిన్న పదిహేను చెంబులు ప్రభూ! ఇవాళ ఇరవై కావాలి! కానీ!" అన్నాడు. "ఇరవై పోస్తే వేరు కుళ్లుతుందిరా," అన్నాడు రాజు. "అదంతా నాకు తెలీదు ప్రభూ. ఉత్సాహం పెంచమన్నారు, పెంచుతున్నాను." రాజు ఇరవై పోశాడు.

ఐదో రోజు శాలువా కప్పగానే అంచు పట్టి చూశాడు. "నిన్నటిది జరీది కదా. ఇవాళ ఇలాంటిది ఇచ్చారేం?"

ఆరో రోజు రెండు పిందెలు సాగి, రాయి కట్టేవాళ్లు లేక కొడవళ్లలా వంకర పోయాయి. రాజు చూసి కూడా, "ఆ, పోనీ," అన్నాడు. ఏడో రోజు తన బదులు తోటమాలిని పాదు దగ్గరికి పంపించాడు. తోటమాలి పన్నెండేళ్లలో మొదటిసారి ఆ పాదు ముట్టుకుని బిత్తరపోయాడు. ఎనిమిదో రోజు ఎండ మంచం మీదికి వచ్చేదాకా రాజు లేవలేదు.

తొమ్మిదో రోజు ఉదయం కోనమ్మ లోపలికి వెళ్లింది. రాజు దోసె ముక్క తుంచి, తినకుండా కూర్చుని ఉన్నాడు.

"పాదు దగ్గరికి వెళ్లలేదేం నాయనా?"

"తలనొప్పిగా ఉంది అత్తా."

"తల నొప్పా, నగారా నొప్పా?"

రాజు ముక్క కంచంలో పడేశాడు. "ఎందుకు వెళ్లాలి? వాడి అరుపులూ, వీళ్ల ఆహాలూ! ఆ శాలువాల కోసం వెళ్లాలా? పెట్టెల్లో పట్టనన్ని ఉన్నాయి నాకు."

"మరి పన్నెండేళ్లు దేనికోసం వెళ్లావు?"

రాజు గొంతు తగ్గించి, తల్లి దగ్గర చెప్పినట్టు చెప్పాడు.

"అత్తా, ఈ రాజ్యంలో అన్నీ నేను చెబితేనే జరుగుతాయి. లెమ్మంటే లేస్తారు, నవ్వమంటే నవ్వుతారు. ఆ పాదు ఒక్కటే నా మాట వినదు. పొద్దున్నే వెళ్లి చూస్తే నిన్నటికంటే జానెడు పెరిగి ఉంటుంది. నేను చెప్పలేదు, అయినా పెరిగింది! అది చూడ్డానికి వెళ్లేవాణ్ణి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు పెరిగిందో లేదో కూడా చూడలేదు. చెంబులు లెక్కపెట్టాను."

కోనమ్మ పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నారప్పకూ అంతే నాయనా. రోజూ మొహం ఏ కొంచెం తేలిందో చూసుకోవడానికి అతను ఉలి పట్టేవాడు. నువ్వు అతనికి నగారా ఇచ్చి ఆ చూపు పట్టుకుపోయావు. చేతులు మిగిలాయి. చేతులు చేసినంతా చేశాయి."

ఉద్దండవర్మ ఓడిపోయినట్టు తెలిసినా ఒప్పుకోవడం అలవాటు లేని మనిషి. "రాయి కట్టకపోతే వంకర పోతుంది కదా! నువ్వూ చూశావుగా!"

"పోతుంది. రాయి వద్దని నేనన్నానా? ఉత్సవం ఫలానా నాటికి అని చెప్పు, రాముడు రాముడిలా ఉండాలని చెప్పు. అది రాయి. రాయి తిన్నగా దింపుతుంది, అంతే. పెంచేది మాత్రం రాయి కాదు నాయనా, వేరు. నీ శాస్త్రంలో రాయి ఉంది, దారం ఉంది, వేరు ఒక్కటే మరిచిపోయావు. నువ్వు రాయి కట్టిన కాయలన్నీ ముందే పెరుగుతున్న కాయలు. ఎండిన తీగకు రాయి కట్టి చూడు, తెగి కింద పడుతుంది."

రాజు లేచి ఉత్తరీయం వేసుకున్నాడు. "పద."

"పాదు దగ్గరికా?"

"నారప్ప దగ్గరికి."

పాకలో నారప్ప ఉలులన్నీ మూట కట్టి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. పదోరోజు రేపే కదా. రాజును చూసి అదిరిపడి లేచాడు. రాజు బోర్లించిన బుట్ట మీద కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న మూట వంక చూశాడు.

"నారప్పా, నీకు ఏ బొమ్మ చెయ్యాలని ఉంది?"

నలభై ఏళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబోలు, నారప్ప తడబడ్డాడు. "జాంబవంతుణ్ణి ప్రభూ."

"జాంబవంతుడా? ఆ ముసలి ఎలుగుబంటా?"

"అవును ప్రభూ. అందరూ ఏదో ఒక పక్కన గీసి వదిలేస్తారు. సముద్రం దాటమని హనుమంతుడికి ఆజ్ఞ ఇచ్చినవాడు కాడు ఆయన. నీలో ఆ బలం ఉందయ్యా అని గుర్తు చేశాడంతే. ఆ మాట చెప్పేటప్పుడు ఆ ముసలాయన మొహం ఎలా ఉండి ఉంటుందా అని ఎన్నాళ్లుగానో..." అంటూనే నారప్ప చెయ్యి మూట ముడి విప్పుతోంది. ఆ సంగతి అతనికి తెలియదు. రాజుకు తెలిసింది. కోనమ్మకు సైగ చేసి, చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చేశాడు.

గంభీరయ్య నగారా దింపాడు. దింపాక, "ఆ అరుపులకు నాకే రోజూ చెవిపోటు వచ్చేదండీ," అని బయటపడ్డాడు. తోలుబొమ్మలాటలో కుంభకర్ణుడి గొంతుకు మనిషి కావాలంటే తనంత తనే వెళ్లి అడిగి చేరాడు.

ఉత్సవానికి నూరు బొమ్మలు కాలేదు. ముప్పై ఒకటయ్యాయి. ముప్పై రెండు పాత బొమ్మల్లో ఐదింటిని నారప్ప పక్కన పడేశాడు. తక్కినవాటిని మళ్లీ గీకి, మళ్లీ దిద్ది, ఒక్కొక్కదానికీ కన్ను తెరిచాడు. జాంబవంతుణ్ణి చూసి పొరుగు రాజు రెండుసార్లు పక్కకు తిరిగి కళ్లు ఒత్తుకున్నాడు.

మర్నాడు నిండు కొలువులో ఉద్దండవర్మ కోనమ్మను పిలిచాడు. పళ్లెంలో బంగారు కంకణం ఒకటి ఉంది.

"కోనమ్మా, రాజుకు తప్పు చూపించడానికి గుండె కావాలి. ఇది తీసుకో. ఇకమీదట నా తప్పు ఒక్కొక్కటి దిద్దినప్పుడల్లా ఇలాంటి కంకణం ఒకటి ఇస్తాను."

కోనమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దు ప్రభూ! ఇప్పుడైతే తమ తప్పులు వాటంతటవే కనిపిస్తున్నాయి. కంకణాలిస్తే రేపటి నుంచి నేను వెతకాల్సి వస్తుంది. తమరు నెల తిరక్కుండా దివాలా తీస్తారు. ఆపైన కంకణాలు అయిపోయిన రోజున, ఎంత పెద్ద తప్పు కళ్ల ముందున్నా నాకు నోరు పెగలదు."

కొలువు బిక్కుబిక్కుమంటూ రాజు వంక చూసింది. రాజు ముందు మీసాల్లో నవ్వాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత సింహాసనం దిగి వచ్చి, ఆ కంకణాన్ని తన చేత్తోనే ఆమె ముంజేతికి తొడిగాడు.

"ఇది తప్పు దిద్దినందుకు కాదు అత్తా," అన్నాడు నిండు కొలువులోనే. "చంకనెత్తుకుని తిప్పినందుకు. అది కూడా చెయ్యమని నీకు ఎవరూ చెప్పలేదుగా!"