పొగడ వణికిన రోజు

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక వాగు. వాగుకు ఇవతలి గట్టున జింకల మంద ఒకటి మేస్తూ ఉండేది. ఆ మందకు పెద్ద కరకయ్య. అతని కొమ్ములు ఎంత పెద్దవో మాటా అంత పెద్దది.

"వణికేవాళ్లంటే నాకు నామోషీ. నా మందలో ఎవరూ వణకడానికి వీల్లేదు" అనేవాడు.

ఆ మందలో పొగడ అనే ఆడజింక ఉండేది. దాని కూతురు గురిగి ఇంకా పాలు మానని పసిది. ఒకరోజు పొగడ వాగులో నీళ్లు తాగుతుంటే, పొదలోంచి చిరుత దూకింది. పంజా తొడకు రాసుకుపోయింది. పొగడ ఒక్క గెంతు గెంతి, పిల్లను ముందు తరుముకుంటూ మందలోకి వచ్చి పడింది. అప్పుడే దాని కాళ్లలో సన్నగా వణుకు మొదలైంది.

సరిగ్గా ఆ సమయానికే కరకయ్య అరిచాడు.

"చూడండర్రా! చిరుత పంజా తగిలినా మన పొగడ వణకలేదు! ధైర్యమంటే ఇదీ!"

అందరూ పొగడ వైపు తిరిగారు. ఇంకేం చేస్తుంది? నాలుగు కాళ్లూ బిగబట్టింది. వణుకును లోపలికి తోసేసింది.

ఆ రోజు నుంచి పొగడకు మంచి పేరొచ్చింది. కాళ్లు మాత్రం కొయ్యల్లా బిగుసుకుపోయాయి. వాగు చప్పుడు వింటే చాలు, అడుగు పడేది కాదు. ఆకుల మీది మంచు నాకి, ఉసిరికాయలు నమిలి దాహం తీర్చుకునేది. గడ్డి మేసినా ఒంటికి పట్టేది కాదు. రానురాను పాలు తగ్గిపోయాయి.

"అమ్మా, పాలు రావడం లేదు" అని గురిగి గునిసేది.

ఎండలు ముదిరాయి. ఇవతలి గట్టున గడ్డి అయిపోయింది. రెండు రోజుల్లో మందంతా వాగు దాటి అవతలికి పోవాలన్నారు. పొగడ ఆలోచించింది. తను దాటలేకపోతే గురిగీ దాటదు. మంద వెళ్లిపోయాక ఈ గట్టున మిగిలేది తల్లీ పిల్లా చిరుతే.

ముందు కరకయ్య వచ్చాడు. "ధైర్యవంతురాలివి, నీకు భయమేమిటి? నడు!" అంటూ వెనక నుంచి తోశాడు. పొగడ వాగు కనిపించేదాకా వెళ్లి మేకు దిగినట్టు ఆగిపోయింది.

తర్వాత చెట్టు మీది కొండముచ్చు ఏదో ఆకు తెచ్చింది. "ఇది నమిలావంటే భయం పరార్" అంది. పొగడ నమిలింది. నోరు చేదయింది. భయం ఎక్కడికీ పోలేదు.

ఇక మిగిలింది ఒంటికొమ్మవ్వ. ఒక కొమ్ము విరిగిన ముసలి అడవిబర్రె అది. ముళ్లున్న వాకపొద వెనక బురదగుంటలో పడుకుని ఉండేది. ఒంట్లో బాగాలేని జంతువులు దాని దగ్గరికే వెళ్లేవి.

పొగడ వెళ్లి, చిరుత దూకిన దగ్గర్నుంచి కథంతా మొదలుపెట్టింది. అవ్వ సగంలోనే ఆపింది.

"చిరుత సంగతి తర్వాత. నువ్వు నెమరు వేసి ఎన్నాళ్లయింది పిల్లా?"

పొగడ తెల్లబోయింది. "గుర్తులేదవ్వా."

"అదీ సంగతి. పొట్ట డోలులా ఉంది. మెడ కర్రలా ఉంది. బురదలోకి దిగు. ఇప్పుడు కళ్లు మూసుకుని, నీ కాళ్లు ఎక్కడున్నాయో చెప్పు."

"నా కిందే ఉన్నాయి కదవ్వా!"

"కళ్లతో చూసింది ఎవరైనా చెబుతారు. తగిలేదేమిటో చెప్పు."

పొగడ కళ్లు మూసుకుంది. చాలాసేపటికి అంది, "ముందు కాళ్లకు బురద చల్లగా తగులుతోంది. వెనక కాళ్లు... అసలు ఉన్నట్టే లేదు."

అవ్వ లేచి వచ్చి, తన పెద్ద ఒంటిని పొగడ పక్కకు ఆనించి నిలబడింది. నింపాదిగా ఊపిరి పీల్చింది, వదిలింది. కాసేపటికి పొగడ ఊపిరి కూడా ఆ దారిలోనే పడింది. అప్పుడు దాని వెనక తొడలో సన్నగా వణుకు పుట్టింది. పొగడ చటుక్కున కాళ్లు బిగబట్టింది.

"ఎందుకు ఆపావు?" అంది అవ్వ.

"మా మందలో ఎవరూ వణకరవ్వా."

అవ్వ పొట్ట కదిలేలా నవ్వింది. "ఎవరూ వణకరా! నేను పడుకునేదెక్కడ? ఈ పొద వెనకే కదా! చిరుత వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఇక్కడ వణికేవాళ్ల తిరునాళ్లే. ఎవరెవరని మాత్రం అడక్కు. నా దగ్గరికొచ్చినవాళ్ల సంగతి నేను బయటపెట్టను."

పొగడ నోరు తెరిచింది. మందలో కరకయ్య మాటను నిజంగా నమ్మింది తనొక్కతేనన్నమాట!

"మరి చిరుత ఇక రాదా అవ్వా?"

"ఎందుకు రాదు? వస్తుంది, నువ్వు పరిగెత్తాలి. కానీ ఇప్పుడు ఇక్కడ లేదు. ఆ సంగతి నీ తలకు తెలుసు, నీ తొడలకు ఇంకా తెలియదు. వణుకు వచ్చినప్పుడు అడ్డు పడకు. నేను చెప్పేది అంతే."

మంద వాగు దాటే రోజు వచ్చింది. ఒక్కొక్కరే నీళ్లలోకి దిగుతున్నారు. పొగడ గట్టున నిలబడింది. గురిగి దాని పొట్ట కింద నక్కింది. నీళ్ల చప్పుడు చెవిన పడగానే తొడలో మళ్లీ వణుకు పుట్టింది.

"ఆగు! అందరూ చూస్తున్నారు!" అని కరకయ్య గొంతు తగ్గించి గద్దించాడు.

పొగడ అతని వైపు చూసింది. పిల్ల వైపు చూసింది. కాళ్లు వదులు చేసింది.

వణుకు తొడలోంచి నడుముకు, నడుములోంచి మెడకు ఎక్కింది. చెవులు టపటప కొట్టుకున్నాయి. పళ్లు కటకటలాడాయి. ఒళ్లంతా గాలివానలో కొమ్మలా ఊగింది. మందంతా గుడ్లప్పగించి చూసింది. చివరికి పొగడ ముక్కుతో బుస్సుమని ఊపిరి వదిలి, ఒళ్లు ఒక్కసారి దులుపుకుంది. అంతే, వణుకు అయిపోయింది.

అడుగు వేసింది. కాలు కదిలింది! నీళ్లు చల్లగా గిట్టలకు తగిలాయి, నాలుగింటికీ తగిలాయి. వంగి కడుపునిండా తాగింది. గురిగిని పక్కన పెట్టుకుని అవతలి గట్టెక్కింది.

అక్కడ ఒక ముసలి జింక పొగడ చెవిలో అంది, "అమ్మయ్య! ఇకనుంచి వణకడానికి ఆ ముళ్లపొద వెనక్కి పోనక్కర్లేదన్నమాట. ఎన్నిసార్లు గీరుకుపోయానో!"

కరకయ్య ఒక పక్కన నిలబడి దగ్గాడు. "అమ్మాయ్, మరీ... ఆ దులుపుకోవడం చివర్లో చెయ్యాలా, మధ్యలో కూడా చెయ్యొచ్చా?"

"మీ ఇష్టం పెద్దయ్యా. కొమ్ములు మాత్రం జాగ్రత్త" అంది పొగడ.

తర్వాత పచ్చగడ్డిలో పడుకుంది. మెడలో ఏదో కదిలింది. ఎన్నాళ్లకో నోట్లోకి నెమరు వచ్చింది. దవడలు నెమ్మదిగా ఆడసాగాయి. గురిగి పొదుగు దగ్గర చేరి ఒకసారి కుమ్మింది, మళ్లీ కుమ్మింది, ఆపైన మాట్లాడలేదు. దాని నోరు నిండిపోయింది.

నీతి: వచ్చిన వణుకును పరువు కోసం బిగబట్టకూడదు, దాన్ని పోనిస్తేనే ఒళ్లు మళ్లీ మన మాట వింటుంది.