ఆవకాయ మీద సర్వే

నరహరి స్వామివారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఏదో ఒక పని అప్పగించేవారు. అందుకే ఆశ్రమంలో కాస్త ఒళ్ళు బద్ధకం ఉన్నవాళ్ళు ప్రశ్నలు అడగడం ఎప్పుడో మానేశారు.

కేదారి ఇంకా కొత్తవాడు. ఇక్కడికి రాకముందు ఎన్నికల సర్వేలు చేసేవాడు. కిందటి ఎన్నికల్లో అతని సర్వే ఒకటి చెబితే ఫలితం మరొకటి వచ్చి, ఊరూవాడా నవ్వింది. పాపం, ఆ నవ్వుల కన్నా తప్పెక్కడ జరిగిందో తెలియకపోవడమే అతన్ని తొలిచేస్తోంది.

“ఎవరినీ బలవంతపెట్టలేదు స్వామీ. ఎవరూ అబద్ధం చెప్పినట్టూ లేదు. మరి లెక్క ఎందుకు తప్పింది?” అని అడిగాడు.

“ఇవాళ ఆవకాయ కలుపుతున్నారు. ఉప్పు సంగతి నువ్వు చూసుకో,” అన్నారు స్వామి.

ఏడాది పొడుగునా అన్నదానంలో వడ్డించాల్సిన ఆవకాయ అది. చెడిందంటే మళ్ళీ వేసవి దాకా గతిలేదు. కేదారి తన నాలుక మీద నమ్మకం లేక, చేతనైన విద్యనే నమ్ముకున్నాడు. జాడీలోంచి గిన్నెడు తీసుకుని, కనబడ్డవాళ్ళందరికీ ఒక్కో ముక్క పెట్టి, “ఒక్క మాటలో చెప్పండి. తక్కువా, సరిపోయిందా, ఎక్కువా?” అంటూ ఎదురుగా నిలబడ్డాడు.

మూడోనాడు తిరగకలిపి అప్పుడు ఉప్పు చూస్తారన్న సంగతి, బజారు సీసాల ఆవకాయే ఎరిగిన కేదారికి తప్ప అక్కడ అందరికీ తెలుసు. కానీ మనిషి గిన్నె పట్టుకుని కళ్ళలోకి చూస్తుంటే, ఉప్పు రుచి కూడా తెలియనివాళ్ళలా నీళ్ళు నమలడం ఎవరికిష్టం? తోటమాలి “తక్కువే” అన్నాడు. గోశాల చూసే వరాలమ్మ “చప్పగా ఉందయ్యా” అంది. మిగతావాళ్ళూ ఇంచుమించు అదే పాట పాడారు. స్వామి మాత్రం ముక్క చప్పరించి, “ఇప్పుడే ఏం చెప్పను?” అన్నారు. కేదారి ఆయన్ని ‘అభిప్రాయం లేదు’ కింద జమకట్టి, జాడీలో దోసిళ్ళతో ఉప్పు పోసి, హమ్మయ్య అనుకున్నాడు.

మూడోనాటికి ఊట తేలింది. తిరగకలిపి భోజనాల్లో వడ్డించారు. మొదటి ముద్దకే పంక్తిలో అందరి చేతులూ నీళ్ళ చెంబుల మీదికి వెళ్ళాయి.

“ఎవరయ్యా ఇంత ఉప్పు పోసింది?” అని వరాలమ్మ మొహం చిట్లించింది.

“నువ్వే కదమ్మా చప్పగా ఉందన్నావు!” కేదారికి ఏడుపొక్కటే తక్కువ.

“నువ్వు అడిగావు, నేను చెప్పాను,” అందామె, అందులో తప్పేముందన్నట్టు.

కేదారి తలవంచుకుని స్వామి విస్తరి దగ్గరికి వచ్చాడు. “ఏడాది ఆవకాయ పాడుచేశాను స్వామీ. వీళ్ళంతా నాతో అబద్ధమాడారా?”

స్వామి నోట్లో ముద్దను ఓపిగ్గా మింగి, చెంబెడు నీళ్ళు తాగారు.

“లేదు నాయనా, నిజమే చెప్పారు. నువ్వు అడిగే వేళకు ముక్కకు ఇంకా ఉప్పు పట్టలేదు.”