సుత్తి దెబ్బ తిన్న ముక్కుపుడక

మా ఊరి బంగారు బజారులో కాలు నిలవని, చెయ్యి ఊరుకోని సాంబాచారి అనే కంసాలి ఉండేవాడు. నిద్రలో కూడా సుత్తి ఆడించి నాలుగుసార్లు ఇంటి గోడ కూల్చాడంటే నమ్మండి! అతను సాగగొట్టిన బంగారు రేకు మీద ఊరంతా పడుకోవచ్చు. రాళ్లు పొదగమంటే మాత్రం, అంతసేపు కదలకుండా కూర్చోలేక ఎగ్గొట్టేవాడు.

ఒకరోజు, సైన్సు చెప్పి రిటైరైన తాయారు టీచరు తన తల్లి ముక్కుపుడక తెచ్చింది.

"ఎల్లుండి మనవరాలికి ముక్కు కుట్టిస్తున్నాం సాంబయ్యా. వాళ్ల తాతమ్మ పుడకే కావాలని మొండికేసింది. కాస్త మెరుగు పెట్టివ్వు."

"ఇది వజ్రమేనా టీచరమ్మా? గాజేమో!"

"అమ్మ అరవై ఏళ్లు పెట్టుకుంది. ఒక్క గీత పడిందేమో చూడు."

"చూసేదేముంది? అసలు వజ్రమైతే సుత్తికి లొంగదు. ఇప్పుడే తేలుస్తా!"

"ఆగవయ్యా!" అనేలోగా సుత్తి దిగింది. రాయి ఠప్పున పగిలి, ముక్కలు ఏడు ఊళ్లు దాటి ఎగిరిపోయాయి. బంగారం మాత్రం దాగలి ఇనుపదిమ్మె మీద అణిగి మిగిలింది.

"గాజే కదమ్మా..." అని నసిగాడు సాంబాచారి.

"వజ్రమే," అంది టీచరు కళ్లు తుడుచుకుంటూ. "నీ చెవి మీది పెన్సిలు ముల్లులోనూ, ఇందులోనూ ఉన్నది కార్బనే. పెన్సిల్లో అది పొరలుగా ఉంటుంది. పొరలు జారి కాగితానికి అంటుకుంటాయి. వజ్రంలో ప్రతి పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగింటిని బిగించి పట్టుకుంటుంది. అందుకే దాని మీద గీత పడదు. కానీ దెబ్బ తగిలితే పరమాణువులు పక్కకి జరగలేవు, రాయి పగులుతుంది. నీ బంగారంలో ఎలక్ట్రాన్లు అన్ని పరమాణువులకీ ఉమ్మడి సొత్తు. వరసలు జరిగినా పట్టు వదలవు. అందుకే అణిగిందే కానీ విరగలేదు. ఇప్పుడు పిల్లకేం చెప్పను?"

సాంబాచారి తలొంచుకున్నాడు. వేలికున్న తన తండ్రి ఉంగరం తీసి, అందులోని వజ్రాన్ని ఊడదీశాడు. అణిగిన బంగారాన్ని కరిగించి కొత్త పుడక చేసి, రాయి పొదగడానికి కూర్చున్నాడు. రెండు రోజులు కదల్లేదు. నెత్తి మీద పిచ్చుక గూడు కట్టి, గుడ్లు పొదిగి పిల్లల్ని కూడా లేపింది!

ముక్కు కుట్టే వేళకి పుడక అందింది. పిల్ల అద్దంలో చూసుకుని, "ఇది తాతమ్మదేనా?" అంది.

"బంగారం తాతమ్మదే. రాయి సాంబయ్య నాన్నది," అంది టీచరు.

గుమ్మం దగ్గర నిలబడ్డ సాంబాచారి చేతులు, మొదటిసారి, ఊరికే ఉన్నాయి.

నీతి: గట్టిదైనంత మాత్రాన ఏదీ విరగకుండా ఉండదు, దాని స్వభావం తెలుసుకోకుండా తొందరపడి చెయ్యి చేసుకోకూడదు.